ఎనిమిది గట్లు అటు, ఆరు గట్లు ఇటు

నాకు మా గారమ్మ వదినంటే కుళ్ళు. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇంతకాలం దానికి పౌరుషమనీ, పట్టుదలనీ మర్యాదైన పేర్లు పెట్టుకుని తిరిగాను. కానీ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, దేన్ని ఏ పేరుతో పిలవాలో తెలియదంటే ఎవరు నమ్ముతారు? అది కుళ్ళే. పదమూడేళ్ళప్పుడు మొదలైంది. విజయనగరంలో సొంత ఇంట్లో కూర్చుని బీపీ మాత్రలు మింగుతున్న ఈ వయసులో కూడా తగ్గలేదు. మొన్న ఆమెకి మోకాలి ఆపరేషనైందని కబురొస్తే, బత్తాయిలూ బిస్కెట్లూ సంచిలో వేసుకుని నౌపడ బయల్దేరాను. రైలు కిటికీ పక్కన కూర్చుని నేను అనుకున్న మొదటి మాట దాచకుండా చెబుతున్నాను: పోనీలే, ఇప్పుడైనా నాకంటే నెమ్మదిగా నడుస్తుంది.

స్టేషన్లో దిగి ఫోను తీసి, వాళ్ళ వీధికి దారి చూపించమన్నాను. ఉప్పుమళ్ళ పక్కనుంచి నీలం గీత ఒకటి చక్కగా వచ్చింది. పన్నెండు నిమిషాలు అంది. ఎందుకైనా మంచిదని వదినకి ఫోన్ చేశాను. "ఆ గీతని నమ్మకే పారోతీ," అంది. "ఆ గట్టు తెగ్గొట్టీసి రొయ్యల సెరువు తవ్వీసినారు. పెద్ద రోడ్డమ్మట ఆటో ఎక్కి రా." మంచం మీద పడుకుని, కాలు కదపలేని మనిషి, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల కంటే నాకు దారి బాగా చెబుతోంది. ఆటో ఎక్కేసరికే నాకు సగం ఒళ్ళు మండిపోయింది.

గారమ్మ వదిన మా మేనత్త కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోతే, మా అత్త ఆమెని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. అందుకని ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే తాత కింద పెరిగాం. ఇప్పుడు ఆమె ఉంటున్నది చిన్న డాబా ఇల్లు, కొడుకు కట్టించాడు. లోపలికి వెళ్ళగానే మోకాలి కట్టు చూడాల్సింది పోయి, నా కళ్ళు మంచం పైన గోడకున్న మేకు మీద పడ్డాయి. దానికి ఒక తాడు, ఆ తాడుకి గుచ్చి చుట్టకుదుళ్ళు వేలాడుతున్నాయి. గంప నెత్తిమీద ఒత్తుకోకుండా కింద పెట్టుకునే గుడ్డ చుట్టలు. పాతబడి, బూడిద రంగుకి తిరిగి, అంచులు చీకిపోయి. లెక్కపెట్టాను. ఏడు. నా దగ్గర ఉన్నది ఒక్కటి. అది బీరువాలో పట్టుచీరల కింద ఉంది, దాన్ని ఎవరికీ చూపించను.

ఆ చుట్టకుదుళ్ళ సంగతి చెప్పాలంటే ముందు మా తాత పాదాల సంగతి చెప్పాలి. తాత ఉప్పుమళ్ళ మేస్త్రీ. ఉప్పునీళ్ళలో బతికిన కాళ్ళు ఎలా ఉంటాయో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. వేళ్ళు విడివిడిగా పరుచుకుపోయి, మడమలు పగిలి, ఆ పగుళ్ళలో ఉప్పు కూరుకుపోయి తెల్లగా ఉండేవి. రోజూ సాయంత్రం మళ్ళనుంచి వచ్చాక గుమ్మం ముందు పెద్ద గాబులో మంచినీళ్ళు నింపి ఉండేవి. అందరూ అక్కడ వరసగా నిలబడి కాళ్ళు కడుక్కోవాలి. తర్వాత తాత అరుగుమీద కూర్చుని, చిన్న ఇత్తడి గిన్నెలో గోరువెచ్చని ఆముదం పెట్టుకుని, ఒక్కొక్కరి పాదం తన ఒళ్ళోకి తీసుకుని చూసేవాడు. కోసుకుపోయిన చోట ఆముదం రాసేవాడు. మా నాన్నకీ, అత్తకీ, గారమ్మ వదినకీ. ముఖాలు చూడకుండా పాదాలు చూసి ఎవరివో చెప్పగలడు. ఆ సమయంలో నాయనమ్మ పక్కనే కూర్చుని చుట్ట కాలుస్తూ ఉండేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ. ఆ పొగ, ఆముదం, పొయ్యిమీద కాగుతున్న చోడి అంబలి, తడిసిన గంపల వెదురు వాసన, ఈ నాలుగూ కలిస్తే నాకు సాయంత్రం. ఇప్పటికీ ఆముదం సీసా మూత తీస్తే ఆ అరుగు గుర్తొస్తుంది. వెంటనే మూత పెట్టేస్తాను.

ఎందుకంటే ఆ వరసలో నేను లేను. నేను టెక్కలిలో హైస్కూలుకి వెళ్ళేదాన్ని, చెప్పులేసుకుని. గారమ్మ వదిన అయిదో తరగతితో మానేసి అత్తతో పాటు మళ్ళల్లోకి దిగిపోయింది. ఒకసారి నేను కూడా గాబులో కాళ్ళు కడుక్కుని వెళ్ళి తాత ముందు పాదం పెట్టాను. ఆయన దాన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ చూసి, "నీ కాలికేటయినాదని? పువ్వునాగున్నాది. ఎల్లి సదువుకో," అన్నాడు. మిగతా పిల్లలకైతే అది ముద్దు మాట. నేను మాత్రం లోపలికెళ్ళి పుస్తకం తెరుచుకుని, అక్షరాలు కనపడక కూర్చున్నాను. బయట తాత, వదిన మడమ పగులు చూస్తూ, "ఈ గుంట కాలికి దారి తెల్సే. మిగిలినోలకి కల్లుండాల, దీనికి కాలే సాలు," అని నాయనమ్మతో అంటున్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇప్పుడు మళ్ళ గురించి. తాత చూసే చెక్కలో, అంటే ఆయన అజమాయిషీలో ఉన్న భూమి ముక్కలో, ఉప్పుమళ్ళు నలభై ఎనిమిది. తూర్పు పడమరలుగా ఎనిమిది, ఉత్తరం దక్షిణంగా ఆరు. అన్నీ చదరాలే, చుట్టూ మట్టి గట్లు. నా లెక్కల నోటుబుక్కులో గళ్ళ కాగితం ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఒక్కో గట్టు ఇరవై అంగలు. నైరుతి మూల మడిలో గీసిన ఉప్పు గంపకెత్తుకుని, ఈశాన్య మూలనున్న కుప్ప దగ్గరికి చేర్చాలి. గట్ల మీదే నడవాలి. మడిలో అడుగు పెట్టకూడదు. ఉప్పు కట్టే సమయంలో మడిలో కాలు పెడితే అడుగున ఉన్న నల్లమట్టి పైకి లేస్తుంది, ఆ మడి ఉప్పంతా మట్టుప్పు అయిపోతుంది. మడి తొక్కడమంటే మావాళ్ళలో దేవుడి పీట తొక్కినంత తప్పు. పసిపిల్లలు కూడా తొక్కరు.

ప్రతి ఏడూ తొలిసారి ఉప్పు గీసిన రోజు, ఆ మూలనుంచి ఈ మూలకి తొలిగంప మొయ్యడం ఇంటి ఆడపిల్ల చెయ్యాలి. ఇది మా ఇంటి ఆచారం. ఎక్కడా దించకూడదు, ఒలకకూడదు. దానికోసం తాత కట్టి విడిచిన పొందూరు పంచె చింపి నాయనమ్మ కొత్త చుట్టకుదురు చుట్టేది. మోసినదానికే ఆ చుట్టకుదురు. ఏడాదంతా ఆ పిల్ల దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగితే, మళ్ళల్లో ఆడాళ్ళందరూ చూసేవారు. రెండేళ్ళు వరసగా అది గారమ్మ వదినకే వచ్చింది. మూడో ఏడు నేను తాత ముందు నిలబడి అడిగేశాను. "నేను ఈ ఇంటి ఆడపిల్లని కానా?" తాత నా చెప్పుల వైపు చూశాడు. "ఆయితవారం ఇద్దరూ రండి. గంపలో తడి ఇసక ఎత్తుతాను. ఎవులు బేగి వస్తే ఆలే ఆ పూటే తొలిగంప మోస్తారు," అన్నాడు.

నాకు వారం రోజులుంది. గెలవడం కష్టమని నాకూ తెలుసు. అంతకుముందు సెలవు రోజుల్లో కుప్ప దగ్గర నిలబడి అంకెలు లెక్కపెట్టేదాన్ని. మిగతా ఆడాళ్ళు గంపెత్తుకుని ఆ మూలనుంచి రావడానికి నాలుగొందలు పట్టేది. వదినకి మూడొందలు దాటేది కాదు. పరుగెత్తేది కాదు, నడకే. మధ్యలో ఉప్పు తళుకుకి కళ్ళు చెదిరి, ఎటునుంచి వస్తోందో సరిగ్గా కనపడేది కాదు. ఏదో దగ్గరి దారి కనిపెట్టిందని నా అనుమానం. తనకి ఆ దారి తెలిస్తే నేను గళ్ళ కాగితం మీద కనిపెడతాను, చదువుకున్నది ఎందుకు అనుకున్నాను.

నోటుబుక్కులో ఎనిమిదికి ఆరు గళ్ళు గీశాను. ముందు మెట్లలా గీశాను. ఒక గట్టు తూర్పుకి, ఒక గట్టు ఉత్తరానికి, మళ్ళీ తూర్పుకి, మళ్ళీ ఉత్తరానికి. కంటికి అది మూలనుంచి మూలకి వాలుగా పోతున్నట్టుంటుంది, కాబట్టి దగ్గరి దారి అదేనని ఎగిరి గంతేశాను. తీరా లెక్కపెడితే పద్నాలుగు గట్లు. సరే, ఎనిమిది గట్లు తూర్పుకి పోయి, ఒకేసారి మలుపు తిరిగి ఆరు గట్లు ఉత్తరానికి పోతే? పద్నాలుగు. ముందు ఉత్తరం, తర్వాత తూర్పు? పద్నాలుగు. రెండు రెండుగా, మూడు మూడుగా, ఎలా తిప్పినా వెనక్కి తిరగనంత వరకూ పద్నాలుగే. ఆ వారమంతా పేజీలకి పేజీలు గీతలు గీసి ఏడ్చినంత పని చేశాను. తర్వాత ఎన్నో ఏళ్ళు, తరగతి గదిలో అదే బొమ్మ బోర్డు మీద గీసి, "ఏ దారి దగ్గర?" అని అడిగేదాన్ని. పిల్లలు ఎప్పుడూ మెట్ల దారినే చూపించేవారు. ఎప్పుడైనా ఎవరైనా వెంటనే "అన్నీ ఒకటే టీచర్" అంటే, మెచ్చుకునేదాన్నే గానీ, లోపల ఎక్కడో చురుక్కుమనేది. నాకు వారం పట్టింది మరి.

అన్ని దారులూ సమానమైతే, వదిన ముందు ఎలా వస్తోంది? ఒక్కటే జవాబు మిగిలింది. మడి తొక్కుతోంది. ఆ నెలలోనే లెక్కల మాస్టారు లంబకోణ త్రిభుజం చెప్పారు. అడ్డం ఎనిమిది, నిలువు ఆరు అయితే వాలు పది. పద్నాలుగు గట్ల దూరం పది గట్లకి తగ్గిపోతుంది. కాగితం మీద ఆ పది కనపడగానే నాకు పాపం పండిన దొంగని పట్టుకున్నంత ఆనందమేసింది. అడుగు కనపడకుండా ఎలా నడుస్తోందో ఒక్కటే అర్థం కాలేదు. ఉప్పు గట్టిగా పేరుకున్న మడి అయితే మునివేళ్ళ మీద పోవచ్చేమో. చూద్దామనుకున్నాను. పరీక్ష అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ పది గట్ల దారి మీద నాకూ ఆశ పుట్టింది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం అందరూ తాటాకు పాకలో అన్నాలు తిని నడుం వాల్చారు. నేను చెప్పులు విడిచి, నైరుతి మూలన నిలబడి, ఎదుటి మూల నిరుటి ఉప్పు కుప్ప మీద పాతిన వెదురు గడ మీద చూపు నిలబెట్టాను. చూపు కదిలితే గీత వంకరపోతుంది కాబట్టి కిందికి చూడలేదు, వెనక్కి చూడలేదు. మొదటి మడిలో అడుగు పెడితే ఉప్పు పలుకులు కరకరమన్నాయి, కాలు దిగలేదనిపించింది. మునివేళ్ళ మీద పోయాను. పలుకులు అరికాళ్ళు కోస్తున్నాయి. నాలుగు గట్లు తూర్పుకీ మూడు గట్లు ఉత్తరానికీ ఉన్న చోట, అంటే సరిగ్గా సగంలో, నా వాలు గీత నాలుగు మళ్ళు కలిసే మూల మీదుగా పోవాలని లెక్క. నా కాలు సరిగ్గా ఆ మూల గట్టు మీద పడింది. నా లెక్క భూమ్మీద నిజమైంది. ఆ సంతోషంలో కోతల మంట కూడా మర్చిపోయి చివరిదాకా నడిచేశాను. కుప్ప దగ్గరికి చేరి, అప్పుడు వెనక్కి తిరిగి చూశాను.

తెల్లటి మళ్ళ మధ్యనుంచి నల్లటి అడుగులు. ఒక చివరనుంచి ఇంకో చివరకి. పన్నెండు మళ్ళు పాడయ్యాయి. పన్నెండే ఎందుకయ్యాయో నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది: పొడవూ వెడల్పూ కలిపి, అందులోంచి వాటి గ.సా.భా. తీసేస్తే, వాలు గీత ఎన్ని గళ్ళని కోస్తుందో వస్తుంది. ఎనిమిదీ ఆరూ పద్నాలుగు, రెండు తీసేస్తే పన్నెండు. ఆ సూత్రం మొదటిసారి పుస్తకంలో చూసినప్పుడు స్టాఫ్‌రూములో ఆ పుస్తకం మూసి బోర్లా పెట్టేశాను.

నేను చెప్పులేసుకుని ఇంటికి పరిగెత్తాను. సాయంత్రానికి గొడవ చుట్టుపక్కల చెక్కలన్నిటికీ పాకిపోయింది. "అదిగో, గారమ్మ అంత బేగి ఎలగొస్తన్నాదో ఇప్పుడు తెల్సినాది," అన్నారు ఆడాళ్ళు. నా అనుమానమే వాళ్ళకీ ఉండేదన్నమాట. మా అత్త ఏడుస్తూ కూతుర్ని వీపు మీద చరిచింది. వదిన "నాను కాదు" అని ఒక్కసారి అంది. ఇంకొకసారి అనలేదు. తాత కుప్ప దగ్గర నిలబడి, ఒక కన్ను మూసుకుని, ఆ అడుగుల వరసని చాలాసేపు చూశాడు. తర్వాత వదినని ఒక్కదాన్నే గట్టు మీదకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడాడు. తిరిగొచ్చి అందరి ముందూ, "ఈ ఏడు గారమ్మ తొలిగంప ఎత్తదు. పారోతి మోస్తాది," అన్నాడు. పందెం లేదు, ఇసక లేదు. నేను నోరు విప్పలేదు. ఒక్క మాట చాలు, నేనే అని. ఆ మాట నా గొంతులోకి వచ్చి, చుట్టకుదురు గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది. భయం వల్ల అని ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. భయం కాదు. నాకు అది కావాలి, అంతే.

ఆ సాయంత్రం నేను కాళ్ళు లంగా కింద దాచుకుని మూల కూర్చున్నాను. తాత ఆముదం గిన్నె పట్టుకుని అరుగు మీదనుంచి పిలిచాడు. "ఇలా రాయే." వెళ్ళాను. నా పాదం ఒళ్ళోకి తీసుకున్నాడు. అరికాలి నిండా సన్నటి ఎర్రటి కోతలు. ఏమీ అడగలేదు. ఒక్కో కోతకీ మెల్లగా ఆముదం రాశాడు. రేపు గంప మొయ్యాలి కాబట్టి రాస్తున్నాడని నేను నమ్మాను. నమ్మడమే కాదు, మురిసిపోయాను. వరసలో నాకూ చోటొచ్చిందని, పక్కన వదిన ఖాళీగా నిలబడి చూస్తోందని. పెద్దయ్యాక ఒకటి రెండుసార్లు అనుమానం తల ఎత్తింది. దాన్ని అక్కడే తొక్కిపెట్టాను.

మర్నాడు నేను తొలిగంప మోశాను. కొత్త చుట్టకుదురు మెత్తగా ఉంది, తాత పంచె వాసన వేస్తోంది. అన్ని దారులూ పద్నాలుగే అని లెక్క తెలిసి కూడా, నా కళ్ళు ఇంకా మెట్ల దారినే దగ్గరన్నాయి. చూసేవాళ్ళకి కూడా అదే గొప్పగా ఉంటుందనుకున్నాను. మెట్ల దారిలో పన్నెండు మలుపులు. నెత్తిన తడి ఉప్పుతో సన్నటి గట్టు మీద మలుపు తిరగాలంటే ఆగాలి, మెడ నిలపాలి, పాదం తిప్పాలి, అప్పుడు ఒళ్ళు తిప్పాలి. గంపలోంచి ఉప్పునీరు కళ్ళల్లోకి కారుతోంది. తొమ్మిదో మలుపులో జారాను. పడలేదు గానీ దోసెడు ఉప్పు ఒలికింది. కుప్ప దగ్గరికి చేరేసరికి అందరూ నా వెనక గట్టు మీద ఒలికిన ఉప్పునే చూస్తున్నారు. వదిన వచ్చి నా గంప అందుకుని దించింది. నా చెవి దగ్గర మెల్లగా, "ఒక్క మలుపేనే. పెద్దగట్టమ్మట తూరుపు సివరకంటా పోయి, ఒక్కసారి తిరగాల," అంది. అదీ రహస్యం. దూరం అందరికీ ఒకటే. ఆమె మలుపులు తగ్గించుకుంది. నేను గళ్ళ కాగితం మీద అన్నీ లెక్కపెట్టి, నెత్తి మీద గంప ఉంటుందన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. చెప్పినందుకు కృతజ్ఞత కలగాలి కదా. ఇంకా కుళ్ళిపోయాను.

ఆ తర్వాత ఏళ్ళలో చుట్టకుదురు మళ్ళీ ఆమెకే వెళ్ళింది. కానీ మళ్ళల్లో ఆమెకి "మడి తొక్కిన గారమ్మ" అని పేరు పడిపోయింది. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా వెనకనుంచి ఎవరో ఒకరు అనేవారు. నేను కాలేజీకి పోయాను, టీచర్నయ్యాను. ఎప్పుడు ఊరెళ్ళినా ఆ పేరు వినపడేది, వినపడనట్టు నటించేదాన్ని. తాత పోయేముందు నెలరోజులు మంచంలో ఉన్నాడు. ఆయన పాదాలకి ఆముదం రాసింది వదినే. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. చివరి రోజు పరిగెత్తుకుని వెళ్ళేసరికి ఆ పాదాలు నూనెతో మెరుస్తున్నాయి. ఏడవాల్సిన చోట కూడా, ఆ మెరుపు చూసి ముందు నాకు కడుపు మండింది.

ఇప్పుడు అవేవీ లేవు. ఆ నలభై ఎనిమిది మళ్ళలో సగం రొయ్యల చెరువులైపోయాయట, మిగతా సగంలో ఉప్పు ట్రాక్టర్లలో పోతోంది. తొలిగంప ఎవరూ మొయ్యరు. నాకు ఇల్లుంది, పెన్షనుంది, రెండు మోకాళ్ళూ పనిచేస్తున్నాయి. ఆమెకి అరిగిపోయిన మోకాలు, గోడకి ఏడు చుట్టకుదుళ్ళు. ఎటునుంచి ఎంచినా నాదే ఎక్కువ. అయినా మొన్న ఆ మంచం పక్క స్టూలు మీద కూర్చుని, బత్తాయి వలుస్తూ, ఆ ఏడింటినే లెక్కపెడుతున్నాను.

మోకాలి కట్టు విప్పి ఆమె కుట్లు చూపించింది. ఆ పాదం చూశాను. అచ్చం తాత పాదం. అప్పుడు నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "వదినా, ఆ పన్నెండు మళ్ళూ తొక్కింది నేను." ఊళ్ళో దిగగానే నా నాలుక కూడా మారిపోతుంది, అందుకని "నానే," అని మళ్ళీ అన్నాను.

ఆమె బత్తాయి తొన నోట్లో పెట్టుకుంది. "తెల్సు," అంది.

"ఎప్పట్నించి?"

"ఆ రోజునుంచే. గట్టు మీదకి తీసుకెల్లి తాతే సెప్పినాడు."

బత్తాయి పక్కన పెట్టేశాను. "ఏటని సెప్పినాడు?"

"ఒక కన్ను మూసుకుని సూసినాడు సూడు, నాక్కూడా అలగే సూడమన్నాడు. 'సూసేవా గారమ్మా, దారం పట్టినట్టున్నాది. మనం బతుకంతా ఈ మల్లల్లో తిరిగినోలం, మనలో ఎవులం ఇంత సూటిగా నడవలేం. ఇది మన కాలు కాదే, పారోతి బుర్ర. ఆ మద్దిన సూడు, నాలుగు గట్ల మూల మీద ఎలగ అడుగేసినాదో. ఇది ఉప్పులో ఉండిపోయే గుంట కాదు. ఈ ఒక్క ఏడూ దానికి మోసుకోనియ్యి,' అన్నాడు. మల్లు పాడయినాయని ఏడాల గదా, మురిసిపోనాడు ముసిలోడు."

ఆయన నోటినుంచి ఒక మంచిమాట కోసం ఆ అరుగు చుట్టూ ఎన్ని సాయంత్రాలు తిరిగానో. ఆ మాట ఉంది. నా గురించే అన్నాడు. గట్టు మీద, నాకు వినపడనంత దూరంలో, ఆమెతో.

"ఇన్నేళ్ళూ నాకెందుకు సెప్పనేదు?"

"సెప్పబుద్ధి కానేదు," అంది, గోడవైపు చూస్తూ. "తొక్కిందానివి నువ్వు, పేరు నాకు. మెచ్చుకోలు నీకు. ఉప్పు మోసేను గానీ, ఆ మాట కూడా నాను మోసుకొచ్చి నీకియ్యాలా?"

క్షమించమని అడగాలనే అనుకున్నాను, నిజంగా. కానీ నా లోపల తిరుగుతున్నది వేరే. తాత ఒక కన్ను మూసుకుని చూసిన ఆ గీతని, ఆయన పక్కన నిలబడి, ఆయనతో పాటు ఒక కన్ను మూసుకుని చూసింది ఆమె. నన్ను మెచ్చుకున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో ఆమెకి తెలుసు. నాకు ఎప్పటికీ తెలియదు.

"మల్లీ సెప్పు," అన్నాను.

"కాలు కాస్త నొక్కు, సెప్తాను," అంది.

కుట్లకి తగలకుండా కింద పిక్క నొక్కాను. కిటికీలో ఆముదం సీసా ఉంటే తీసి ఆ పాదానికి రాశాను. ఆమె మొదట్నించీ చెప్పింది. దారం పట్టినట్టున్నాది అన్న చోట ఆపి, తాత ఏ కన్ను మూశాడని అడిగాను. ఎడమ కన్ను అంది. ఇంకోసారి చెప్పించుకున్నాను. మూడోసారి చెబుతుండగా స్టేషన్ వైపునుంచి నేనెక్కాల్సిన రైలు కూత వినపడింది. నేను లేవలేదు.